సముద్రంలో పడ్డ కుంటలు

బాలత్రిపురసుందరి పేరును పూర్తిగా పలికేది ఆ పేరు పెట్టిన మేనత్త ఒక్కతే. ఇంట్లో ఆమె బాల, ఆఫీసులో సుందరి. తాతగారు 1957లో సచివాలయంలో గుమాస్తాగా తెనాలి నుంచి వచ్చి చిక్కడపల్లిలో ఒక అద్దె పోర్షన్లో కాపురం పెట్టారు. ఆ పోర్షన్లోనే ఆమె పుట్టింది, పెరిగింది, నాలుగు సందుల అవతలికే కోడలిగా వెళ్లింది. భర్త కాశీవిశ్వనాథం శుభలేఖల ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. యాభై ఆరేళ్లు వచ్చేసరికి చూసుకుంటే ఆమె బతుకంతా రెండు కిలోమీటర్ల లోపలే సాగింది. ఇల్లు చిక్కడపల్లి, ఆఫీసు నారాయణగూడ, కూరగాయలకు మళ్లీ చిక్కడపల్లి బజారు.

అయినా తెలంగాణలో ఆమెకు తెలియని ఊళ్లు తక్కువ. ఏ వాగు ఏ చెరువులో కలుస్తుందో, ఏ ఊరి పొలిమేర ఎక్కడ మెలిక తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. వాటిలో ఒక్కదాన్నీ చూడలేదు. అన్నీ గీసింది.

1990లో జగన్నాథరావు గారి సర్వే ఆఫీసులో ట్రేసరుగా చేరింది. ఫీల్డుకి వెళ్లినవాళ్లు పొలాల్లో గొలుసు పట్టి కొలిచి, కొలతలు పుస్తకాల్లో రాసుకొచ్చేవాళ్లు. ఆ అంకెల్ని నక్షాగా మార్చి, దాని మీద ట్రేసింగ్ పేపరు పరిచి, ఇంకు పెన్నుతో ఊపిరి బిగబట్టి గీత గీయడం ఆమె పని. అంకె తప్పయితే గీత తప్పు, గీత తప్పయితే ఎవరో ఒక రైతు గట్టు తప్పు. ఈ మాట జగన్నాథరావు మొదటిరోజే చెప్పారు. ఆమె దాన్ని వేదంలా పట్టుకుంది.

ఆ పుస్తకాలు తెచ్చేవాళ్లలో పెద్దులు ఒకడు. నారాయణపేట వైపు మనిషి, ఆమె కంటే నాలుగేళ్లు చిన్న. గొలుసు మోసే పనికి చేరి, చూసి చూసి కొలవడం నేర్చుకున్నాడు. చదువు ఐదో తరగతి. అంకెలు మాత్రం పూసల్లా రాస్తాడు. అతని నాలుగుకు కాలు పొడుగు, తొమ్మిదికి పొట్ట పెద్దది. వానకు తడిసి ఇంకు అలుక్కుపోయిన పేజీలో కూడా అది ఏ అంకెనో సుందరి ఇట్టే చెప్పేది. ముప్పై ఏళ్లలో అతని పుస్తకాలు మూడు నాలుగు వందలు ఆమె చేతుల్లోంచి వెళ్లాయి. కొలత కలవని రోజు కొలత కలవలేదనే రాసేవాడు గానీ కలిపేసి రాసేవాడు కాదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా జగన్నాథరావుకి కూడా తెలియదు. ఎందుకంటే ఆ పేజీలను గంటలకొద్దీ చూసింది ఆమె.

కంప్యూటర్లు వచ్చాక గీతబల్లలు పోయాయి. మిగతా ఇద్దరు ట్రేసర్లు మానేశారు. సుందరిని మాత్రం జగన్నాథరావు ఫైళ్లు చూసుకోమని ఉంచుకున్నారు. ఆమె కూడా కంప్యూటరు నేర్చుకోవాలనే చూసింది. 2017లో ఒకరోజు, ఒక మండలం భూముల జాబితా ఉన్న ఫైలును ఎక్సెల్‌లో తెరిచింది. సర్వే నంబర్లు ఐదు బై రెండు, పన్నెండు బై మూడు అని ఉండాల్సిన చోట ఫిబ్రవరి ఐదు, మార్చి పన్నెండు అని కనిపించాయి. అలా ఎందుకు కనిపిస్తున్నాయో అర్థంకాక, కంగారులో సేవ్ నొక్కింది. యంత్రం వాటిని తేదీలనుకుందని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికి పదకొండు వందల సర్వే నంబర్లు పుట్టినరోజులైపోయాయి. అసలు ఫైలు ఇంకెక్కడా లేదు. పెద్దులు, ఇంకో ఇద్దరు కలిసి ఎండలో మళ్లీ తొమ్మిది రోజులు తిరిగారు.

ఎవరూ ఆమెను గట్టిగా ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు ముల్లయింది. ఆ తర్వాత మౌసు ముట్టుకోలేదు. ప్రింట్లు తీస్తే తీసుకునేది, ఫైళ్లకు అట్టలు వేసేది, రిజిస్టరు రాసేది. కొత్తగా చేరిన ఇంజనీరు సంధ్య ఏదైనా చూపిస్తానంటే, నాకెందుకమ్మా నువ్వు చూసుకో అనేది.

సంధ్యది సిరిసిల్ల దగ్గర పల్లెటూరు. ఇరవై ఆరేళ్లు. అశోక్‌నగర్లో హాస్టల్లో ఉండి, ఉదయం గవర్నమెంటు ఇంజనీరు పరీక్షకు చదువుకుని, పదకొండుకు ఆఫీసుకు వచ్చేది. శనివారం ఒంటిపూట. తెలివైన పిల్ల, పని చకచకా చేస్తుంది. ఎప్పుడూ కాస్త నిద్ర చాలనట్టు ఉంటుంది.

కిందటేడు అక్టోబరులో ఆ ఆఫీసుకు ఒక పని వచ్చింది. చెరువుల్లో పూడిక తీయించే ఒక సంస్థ నారాయణపేట చుట్టుపక్కల ఉన్న చిన్న కుంటలన్నీ ఎక్కడెక్కడున్నాయో గుర్తించి ఇమ్మంది. మొత్తం నూట ఎనభై ఏడు. ఆ సీమ ఎరిగినవాడని పెద్దుల్నే పంపారు. చేతిలో పట్టే జీపీఎస్ డబ్బా, అరడజను బ్యాటరీలు, ఒక నోటుపుస్తకం. ప్రతి కుంట కట్ట మీదా నిలబడి మీట నొక్కాలి. దాంతో ఆ చోటు డబ్బాలో నిల్వ అవుతుంది. పైగా తెర మీద కనిపించిన అంకెల్ని పుస్తకంలో కూడా రాసుకోవాలి. పెద్దులు పందొమ్మిది రోజులు తిరిగి, కాళ్లు వాచి వచ్చాడు. డబ్బా, పుస్తకం ఇచ్చేసి బర్కత్‌పురలో తన కిరాయి గదికి వెళ్లి రెండు రోజులు పడుకున్నాడు.

ఆ డబ్బాలోని ఫైలు సంధ్య కంప్యూటర్లో తెరుచుకోలేదు. రెండుసార్లు నొక్కితే ఏ ప్రోగ్రాముతో తెరవాలని అది ఎదురు ప్రశ్న వేసింది. అప్పటికే ఆలస్యమైందని, సంధ్య ఆ ఫైలు వదిలేసి పుస్తకంలో అంకెల్నే టైపు చేసింది. శుక్రవారం ఉదయం వాటిని కంప్యూటరు పటం మీద పెట్టింది. నారాయణపేట దగ్గర ఒక్క చుక్కా కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా విశాఖపట్నానికి కిందుగా, తీరానికి వంద కిలోమీటర్ల దూరంలో, నడిసముద్రంలో నూట ఎనభై ఏడు చుక్కలూ గుంపుగా ఉన్నాయి.

సంధ్య మొదట నవ్వింది. జగన్నాథరావు నవ్వలేదు. అంతకుముందు ఏడాది ఇంకో ఫీల్డ్ మనిషి టీ హోటల్లో కూర్చుని నోటికొచ్చిన అంకెలు రాసిచ్చాడు. అది బయటపడి, ఇరవై ఏళ్లుగా పనులిస్తున్న కంపెనీ ఒకటి ఈ ఆఫీసు ముఖం చూడటం మానేసింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. పెద్దుల్ని పిలిపించారు.

గదిలో సుందరి కూడా ఉంది, బీరువా దగ్గర. జగన్నాథరావు అరవలేదు. తెర వైపు చూపించి, ఇవి నీ కుంటలు, ఇది బంగాళాఖాతం అన్నారు. మీ అక్కగారి ఊరు నారాయణపేట పక్కనే కదా, అక్కడ ఎన్ని రోజులున్నావు అని అడిగారు. పెద్దులు తెర వైపు చూశాడు. అతనికి ఆ నీలం రంగు సముద్రమని అర్థం కావడానికే కాసేపు పట్టింది.

"నేను తిరిగిన సార్. పందొమ్మిది దినాలు తిరిగిన."

"తిరిగితే సముద్రంలో ఎందుకు పడతాయి పెద్దులూ?"

"గది నాకేం ఎరుక సార్. డబ్బ ఏం సూపిస్తే గది రాసిన."

ఇంకా ఏమైనా అంటాడని సుందరి ఎదురుచూసింది. అతను భుజం మీది తువ్వాలు సర్దుకుని వెళ్లిపోయాడు. సోమవారం ఆ సంస్థవాళ్లకు ఫోన్ చేసి పని జరగలేదని చెప్పేస్తాననీ, పెద్దులు ఇక రానక్కర్లేదనీ జగన్నాథరావు అన్నారు. కోపం కాదు అది, దిగులు.

ఆ సాయంత్రం ఇంట్లో సుందరి అన్నం తినకుండానే కంచం ముందు నుంచి లేచిపోయింది. కాశీవిశ్వనాథం విషయం అంతా విన్నాడు. ఆయన ప్రూఫులు దిద్దే మనిషి కాబట్టి తనకు తోచింది చెప్పాడు. అచ్చులో తప్పు దొర్లితే రాతప్రతి తీసి చూడాలి, రాసినవాణ్ని అనుమానించడం ఆ తర్వాత.

రాతప్రతి అంటే ఏమిటి? పుస్తకం కాదు, పుస్తకం కూడా నకలే. అసలు ప్రతి ఆ డబ్బాలో ఉంది. ఎవరూ తెరవని ఫైలు.

శనివారం రెండింటికి సంధ్య వెళ్లిపోయింది. జగన్నాథరావు ఒంట్లో బాగాలేదని రాలేదు. ఆఫీసులో సుందరి ఒక్కతే మిగిలింది. డబ్బా సంధ్య బల్ల మీదే ఉంది, పక్కనే దాని తీగ. సుందరి దాని ముందు కూర్చుని చాలాసేపు ఏమీ చేయలేదు. 2017 నాటి ఆ మధ్యాహ్నం ఆమెకు కళ్లముందు కదిలింది. ఇది కూడా పాడైతే పెద్దులు తిరిగాడని చెప్పే సాక్ష్యం లోకంలో ఇంకోటి ఉండదు.

చివరికి తీగ తగిలించింది. డబ్బా పెన్‌డ్రైవ్ లాగా తెర మీద ప్రత్యక్షమైంది. అందులో ఒక ఫోల్డరు, ఫోల్డరులో రెండు ఫైళ్లు. ఆమె మొదట చేసిన పని వాటికి నకలు తీయడం. ఒక నకలు కంప్యూటర్లో, ఒకటి తన పెన్‌డ్రైవ్‌లో. తర్వాత డబ్బా తీగ పీకేసి దూరంగా, కిటికీ గూట్లో పెట్టింది. ఇక ఏమైనా నకలుకే కానీ అసలుకు కాదు. అప్పుడు కాస్త ఊపిరి ఆడింది.

నకలు మీద రెండుసార్లు నొక్కింది. దేనితో తెరవాలని కంప్యూటరు అడిగింది. ఎక్సెల్ అనే మాట చూడగానే చెయ్యి వెనక్కి వచ్చింది. కింద నోట్‌ప్యాడ్ అని ఉంది. అది ఉత్త కాగితం లాంటిదని, ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిస్తుందని, ఏదీ మార్చదని సంధ్య ఎప్పుడో అనగా విన్నది. దాన్ని నొక్కింది.

తెర నిండా బాణపు గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చీమల బారులా పరుచుకున్నాయి. సుందరి వెంటనే మూసేద్దామనుకుంది. కానీ ముప్పై ఏళ్లు అంకెలు చదివిన కళ్లు ఊరికే ఉండవు. నాలుగు వరుసలు చూసేసరికి అదే అచ్చు మళ్లీ మళ్లీ వస్తోందని తెలిసింది. ప్రతి కుంటకూ ఒక ముక్క. ముక్క మొదట అక్షాంశం, పక్కనే రేఖాంశం, కింద సముద్రమట్టం నుంచి ఎత్తు, దాని కింద తేదీ, సమయం, చివర కుంట నంబరు. ఇంతే. ఇది కూడా ఫీల్డ్ బుక్కే. బాణపు గుర్తులు తీసేస్తే, పెద్దులు పుస్తకంలో లాగే కుంటకో పద్దు.

ఒక కాగితం తీసుకుని మొదటి కుంట అంకెలు రాసుకుంది. అక్షాంశం పదహారు పాయింట్ ఏడు. రేఖాంశం డెబ్బై ఏడు పాయింట్ నాలుగు తొమ్మిది. రాస్తూనే ఆగిపోయింది. పదహారు, డెబ్బై ఏడు. ఆ రెండు అంకెలూ ఏ టోపో షీటులో, సర్వే శాఖ అచ్చువేసిన ఏ పటంలో కలుస్తాయో ఆమెకు ఇప్పటికీ తెలుసు. యాభై ఆరు హెచ్. నారాయణపేట, మక్తల్, కృష్ణ ఒడ్డు. ఆ షీటును ఎన్నిసార్లు పరిచిందో, ఎన్నిసార్లు మడిచిందో. విశాఖపట్నం ఎక్కడ, ఇది ఎక్కడ. డబ్బా పెద్దుల్ని నారాయణపేటలోనే చూసింది.

ఇంకో కుంట చూసింది, ఇంకోటి. అన్నీ డెబ్బై ఏడులోనే ఉన్నాయి. ఆనందంతో లేచి నిలబడబోయింది. అప్పుడే కళ్లు సమయం మీద పడ్డాయి.

మొదటి కుంట: రెండు గంటల ఐదు నిమిషాలు. రెండోది: రెండు నలభై. మధ్యాహ్నం రెండయితే పద్నాలుగని వేస్తుంది కదా యంత్రం. అంటే రాత్రి రెండింటికి? కిందికి జరుపుతూ పోయింది. ఏ రోజు చూసినా అంతే. రాత్రి ఒంటిగంటకో రెండింటికో మొదలు, పగలు పన్నెండు లోపల ముగింపు. రాత్రి రెండింటికి కుంట కట్టల మీద ఎవరు తిరుగుతారు? దొంగ లెక్క అయితే తప్ప ఇలా ఎందుకుంటుంది? గదిలో కూర్చుని ఎవరితోనైనా తయారు చేయించాడా? సాయం చేయబోయి అతనికి ఉరి బిగిస్తున్నానా అనిపించింది. ఈ ఫైలు ఎవరూ తెరవలేదు. తానూ తెరవలేదనుకుంటే సరిపోతుంది.

కానీ పొడుగు కాళ్ల నాలుగులు, పెద్ద పొట్ట తొమ్మిదులు గుర్తొచ్చాయి. కలవని కొలతను కలవలేదని రాసే మనిషి. తనకు అర్థం కానిదాన్ని అతని తప్పంటే, ఫిబ్రవరి ఐదును సర్వే నంబరన్నట్టే అవుతుంది. పెన్‌డ్రైవ్, పెద్దులు పుస్తకం చేతిసంచీలో వేసుకుని, ఆఫీసుకు తాళం పెట్టి బయల్దేరింది.

నారాయణగూడ చౌరస్తా దాటి, చిక్కడపల్లిలో సొంత ఇంటి సందు ముందునుంచే నడిచిపోయి, అశోక్‌నగర్ చేరేసరికి నాలుగైంది. దారి పొడుగునా కోచింగ్ బోర్డులు, పాత పుస్తకాల షాపులు, చేతిలో టీ గ్లాసుతో కరెంట్ అఫైర్స్ వల్లెవేసుకుంటున్న పిల్లలు. సంధ్య లైబ్రరీలో ఉంటానని ఎప్పుడూ చెబుతుంది. బయట మెట్ల మీద, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చుని కనిపించింది. సుందరిని అక్కడ చూసి, ఏదో జరగరానిది జరిగిందనుకుని లేచి నిలబడింది.

పక్కన జిరాక్స్ సెంటరులో పది రూపాయలిచ్చి ఫైలు తెరిపించుకున్నారు. సుందరి ఏమీ వివరించలేదు. సమయం ఉన్న వరుస మీద వేలు పెట్టి, ఇదేమిటో చెప్పు అంది. సంధ్య వంగి చూసింది.

"ఇది మన టైం కాదు మేడం. చివర్ల జెడ్ ఉన్నది సూడున్రి. జెడ్ ఉంటే లండన్ దిక్కు టైం అన్నట్టు. ఏ దేశంల తిరిగినా ఈ ఫైల్ గదే రాస్తది. మనకు ఐదున్నర గంటలు కలపాలె."

సుందరి వేళ్ల మీద కలిపింది. రెండూ ఐదుకు ఐదున్నర కలిపితే ఏడూ ముప్పై ఐదు. పొద్దున ఏడున్నరకు మొదటి కుంట. సాయంత్రం ఐదింటికి ఆఖరుది. పొద్దు పొడిచాక బయల్దేరి, పొద్దు గూకే ముందు ఆపేశాడు, ఎవరైనా మనిషి పని చేసేట్టే. ఆమె పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. జిరాక్స్ అతను మంచినీళ్లు ఇచ్చాడు.

ఈలోగా సంధ్య మొహం మారిపోయింది. ఆమె రేఖాంశం చూస్తోంది. డెబ్బై ఏడు అని పైకే చదివింది, రెండుసార్లు. తర్వాత, పెద్దులన్న పుస్తకం మీ దగ్గర ఉందా అని అడిగింది. సుందరి సంచీలోంచి తీసిచ్చింది. సంధ్య పేజీలు తిప్పింది. ప్రతి పేజీ నెత్తిన, ఒక్కసారి మాత్రమే, నలభై మూడు అని రాసి పక్కన తోకున్న సున్నా గీశాడు పెద్దులు. తోకున్న సున్నా అంటే ఇంగ్లీషు క్యూ. తెర మీద ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కాబట్టి అక్షరం రాకపోయినా బొమ్మ గీసినట్టు గీశాడు. సంధ్య దాన్ని నాలుగు వందల ముప్పై తొమ్మిది అనుకుంది. ఏదో అతని సొంత గుర్తని వదిలేసింది.

అది సొంత గుర్తు కాదు, పట్టీ నంబరు. భూమినంతా నిలువుగా నారింజ తొనల్లా అరవై పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీకి ఒక్కో నంబరిచ్చారట. పట్టీ లోపల చోటును మీటర్లలో చెబుతారు; డబ్బా తెర మీద చూపించేవీ, పెద్దులు పుస్తకంలో రాసినవీ ఆ మీటర్లే. అవే మీటర్ల అంకెలు పక్క పట్టీలోనూ ఉంటాయి. ఇంటి నంబరు ఒకటే, వాడ వేరు. హైదరాబాదు నలభై నాలుగో పట్టీలో ఉంది. వికారాబాద్ ఇంకా రాకముందే, డెబ్బై ఎనిమిదో రేఖ దగ్గర ఆ పట్టీ అయిపోయి నలభై మూడు మొదలవుతుంది. నారాయణపేట నలభై మూడులో ఉంది. తాను చేరాక వచ్చిన పనులన్నీ హైదరాబాదు చుట్టుపక్కలవే కాబట్టి సంధ్య అలవాటుగా నలభై నాలుగే పెట్టింది. కుంటలు ఒక తొన అవతలికి, తిన్నగా ఆరు వందల నలభై కిలోమీటర్లు తూర్పుకు జరిగి సముద్రంలో పడ్డాయి.

"తప్పు నాది మేడం," అంది సంధ్య. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అన్న మీద పడ్డది."

సుందరికి ఏడేళ్ల కిందట తనను ఎవరూ ఏమీ అనకపోతే ఎంత కష్టమైందో గుర్తుంది. అందుకని ఆ సంగతి చెప్పింది. పదకొండు వందల పుట్టినరోజుల కథ. సంధ్య ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. తర్వాత, సార్‌కు నేనే చెప్తా మేడం, మీరు చెప్పొద్దు అంది.

అక్కడి నుంచే పెద్దులుకు ఫోన్ చేశారు. చాలాసేపు మోగాక ఎత్తాడు. సుందరి గబగబా మొత్తం చెప్పింది, పట్టీ, తొన, జెడ్, ఐదున్నర గంటలు, అన్నీ కలగాపులగంగా. వింటున్నావా అని అడిగింది.

"ఇంటున్న అమ్మ. నేను తిరిగిన అని నాకు ఎరికే గదా. మీకు ఎట్ల ఎరుకైతదా అని పరేషాన్ అయిన. నిన్నటిసంది బుక్క తినలే. ఇగ తింట."

సోమవారం సంధ్య పదకొండుకు కాదు, తొమ్మిదిన్నరకే వచ్చింది. జగన్నాథరావు ఫోన్ దగ్గర కూర్చునేలోపలే ఎదురుగా నిలబడి చెప్పేసింది. ఆయన మొదట వినిపించుకోనట్టు కళ్లజోడు తుడుచుకున్నారు. తర్వాత చూపించు అన్నారు. సంధ్య ఒకే ఒక్క అంకె మార్చింది. నలభై నాలుగు తీసి నలభై మూడు పెట్టింది. సముద్రం ఖాళీ అయింది. చుక్కలన్నీ నారాయణపేట మీద వాలాయి. కింద ఉపగ్రహం ఫొటో పెట్టి దగ్గరికి తెస్తే, ప్రతి చుక్కా ఒక్కో నీటి మడుగు అంచున, కట్ట మీద నిలబడి ఉంది. ఒకదాని తర్వాత ఒకటి, జగన్నాథరావు నలభై దాకా చూసి ఇక చాలన్నారు. నాలుగు చోట్ల మాత్రం నీళ్లు లేవు. పుస్తకం తీసి చూస్తే ఆ నాలుగింటి పక్కనా, కుంట పూడ్చి చేను చేసిన్రు అని పెద్దులు రాసే ఉన్నాడు.

పెద్దులు పది గంటలకు వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. జగన్నాథరావు తానే లేచి వెళ్లారు. డెబ్బై నాలుగేళ్లకు క్షమాపణ చెప్పడం ఆయనకూ కష్టమే. తప్పు మాది పెద్దులూ, లోపలికి రా అని మాత్రం అన్నారు. పెద్దులు చెప్పులు విప్పి వచ్చాడు. మీరు గట్ల అనొద్దు సార్ అన్నాడు. జగన్నాథరావు కింద హోటల్ నుంచి టీలు, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు. ఆ ఆఫీసులో అది ఆయుధపూజ రోజు తప్ప జరగని సంగతి.

టీ తాగుతూ ఉండగా రెండో ఫైలు సంగతి వచ్చింది. డబ్బాలో రెండు ఫైళ్లున్నాయి కదా, ఒకటి కుంటలది, రెండోది ఏమిటని సుందరి అడిగింది. అన్న నడిచిన బాట అంతా అందులో ఉంటుందంది సంధ్య. డబ్బా ఆన్ చేసి ఉన్నంతసేపూ కొన్ని సెకన్లకొకసారి అదంతట అదే ఒక చుక్క పెట్టుకుంటూ పోతుంది. తెరిచి చూపించింది. ఎర్రటి దారం ఒకటి ఊరి నుంచి ఊరికి, గట్ల మీదుగా, వాగు దాటి, వెనక్కి తిరిగి, పందొమ్మిది రోజుల పాటు పటమంతా అల్లుకుపోయింది.

పెద్దులు టీ గ్లాసు పక్కన పెట్టి తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వచ్చాడు. కాసేపటికి వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడ వాగు పారుతుంటే చుట్టూ తిరిగి పోయాడు. ఇక్కడ కుక్కలు తరిమాయి. అవును, దారం అక్కడ తిన్నగా పొలంలోకి దూకి ఉంది. ఒకచోట చుక్కలన్నీ ఉండలా పోగుపడి ఉంటే, అక్కడేం చేశావని సుందరి అడిగింది. వాన పడుతుంటే మోటారు షెడ్డులో కూర్చున్నాడట. మనిషి కదలకపోయినా డబ్బా చుక్కలు కొద్దికొద్దిగా అటూఇటూ జరుగుతాయని సంధ్య చెప్పింది.

ఇంకో ఉండ దాని కంటే పెద్దది, ఒక ఊరి నడుమ ఉంది. చుట్టుపక్కల కుంటలేమీ లేవు. అక్కడ ఆగింది ఎంతసేపని చూస్తే మూడు గంటల పది నిమిషాలు. ఎవరూ అడగకముందే పెద్దులు తానే చెప్పాడు.

"గది మా అక్క ఊరు. కోడికూర చేసింది, తిని పండుకున్న. గదొక్క దినమే సార్."

జగన్నాథరావు ఆయాసం వచ్చేదాకా నవ్వారు. పందొమ్మిది రోజుల్లో ఒక్కపూట అక్కగారింట్లో భోంచేయని తమ్ముడు తమ్ముడేనా అన్నారు.

మధ్యాహ్నానికి జాబితా ఆ సంస్థకు వెళ్లిపోయింది. సాయంత్రం వాళ్ల దగ్గర్నుంచి బాగుందని జవాబు వచ్చింది. మార్చిలో మొదటి పన్నెండు కుంటల్లో పూడిక తీయడం మొదలైందని తర్వాత తెలిసింది.

ఆ సోమవారం సుందరి ఆఫీసు నుంచి బయటపడేసరికి ఐదున్నర. మూడు రోజులుగా లేని ఆకలి ఒక్కసారిగా ముంచుకొచ్చింది. చిక్కడపల్లి మలుపులో బండి దగ్గర ఆగి, ఇంటికి తీసుకెళ్దామని నాలుగు మిర్చిబజ్జీలు కట్టించుకుంది. కాశీవిశ్వనాథానికి రెండైనా మిగల్చాలనుకుంటూనే సందు మొగ దాకా వచ్చేసరికి మూడు తినేసింది. మిగిలిన ఒక్కటీ ఆయన ముందు పెట్టి, మీరన్నట్టు రాతప్రతి తీసి చూశాను అని, సంధ్య చెప్పేదాకా దాచిన కథను మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆ ఆఫీసులో ఫీల్డ్ నుంచి ఏ డబ్బా వచ్చినా ముందు సుందరి చేతికి వస్తుంది. నకలు తీస్తుంది, నోట్‌ప్యాడ్‌లో తెరుస్తుంది, కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందిదాకా చదువుతుంది. డెబ్బై ఏడా, డెబ్బై ఎనిమిదా అన్నది కాగితం మీద రాసి సంధ్యకు ఇస్తుంది. ఎక్సెల్ అంటే మాత్రం ఆమెకు ఇప్పటికీ పడదు.